రెండడుగులు వెనక్కి

టెక్కలి మిషను కాంపౌండు గోడ మీద
ఆదివారం లోపు ఒక్క మాట రాయాలి, 'వెలుగు' అని.
"సాదాగా చాలు, ఏసుపాదం" అన్నారు పాస్టరుగారు.
సాదా అంటే ఏటో నాకు తెలీదు.
ముప్ఫై ఏళ్ళు లారీల వెనక నెమళ్ళు వేసిన చెయ్యి ఇది.

ఫ్లెక్సీలొచ్చాక బ్రష్షులన్నీ కట్టెలైపోయాయి.
ఉడతతోకది ఒక్కటే
కిరసనాయిల్లో మూడేళ్ళు నిద్రపోయి
మెత్తగా లేచింది.

'వె'కి ఎత్వం తిప్పాను.
'లు'ని జీడిపిక్కలా వంచాను.
'గు' దగ్గర చెయ్యి ఆగింది,
ఎవరింటి వాకిలో తెరిచినట్టు.

మొదట పలికిన మాట కూడా ఇదే కదా!
ఎవరూ పురమాయించలేదు ఆయనకి,
కూలీ మాట్లాడుకోలేదు.
చీకట్లో మొదలెట్టి, సాయంత్రానికి
కాస్త ఎడంగా నిలబడి
బావుందనుకున్నాడు.
ఇన్నాళ్ళూ ఆ వెనకడుగు
పెయింటర్ల అలవాటనుకున్నాను.

నేనూ వేశాను.
అక్షరాలకి నీడ వేద్దామని కలిపిన నీలం డబ్బాలో
కాలు దిగబడింది.
దయామణి గుంట పకపకా నవ్వింది.
కాలు తియ్యకుండానే నేనూ నవ్వాను.
'గు' కొంచెం వాలింది. వాలనీ.

ప్రార్థన నాకు సరిగా రాదు.
మా ఆవిడున్నప్పుడు ఆవిడే చేసేది,
నేను చివర్న ఆమేన్ అనేవాణ్ణి.
ఇవాళ పొద్దుగూకేదాకా
ఆ ఒక్క ముక్కే అంటున్నాను, బ్రష్షుతో.

చర్చి మెట్లదాకా చూసి
పాస్టరుగారు అడిగారు:
"ఈ నీలం పాదం ఒంటికాలి మనిషి
ఎవరయ్యా, లోపలికెళ్ళాడు?"