ఇంటిపేరు గడి

పుంతా అరేనాస్‌లో గాలి రోజున
తలుపుని రెండు చేతులతో తెరవాలి.
నోల్ఫా మాన్సిల్లా భుజంతో తెరుస్తుంది.
కోటు విప్పదు. మాతే కషాయానికి నీళ్ళు పడేసి
నిన్న ఆపిన సీసా ముందు కూర్చుంటుంది.

ఇరవై ఎనిమిదేళ్ళు జనన మరణాల కచేరీలో రాసిన చెయ్యి.
రిటైరైన నెలకి మా ప్రయోగశాల మెట్లెక్కింది,
"మీ చీటీలు కోడి గెలికినట్టున్నాయి, నేను రాస్తా" అంటూ.
అప్పట్నించీ మా సముద్రమంతా
ఆవిడ దస్తూరీలోనే ఉంది.

ఇవాళ్టిది పీతల బోనుకి చిక్కిన సముద్రపు సాలీడు.
ఎరాస్మో బార్రియా పడవ. నలభై బారల లోతు.
తాడు విప్పుతుంటే వేళ్ళకి చుట్టుకుందట.
విసిరెయ్యబోయి
కాఫీ డబ్బాలో దాచి పంపాడు.

"ఒళ్ళేదీ దీనికి?"
ఒళ్ళు లేదు, నోల్ఫా. ఉన్నదంతా నడకే.
ఎనిమిది కాళ్ళు కలిసిన చోట పడిన ముడి, అదే దేహం.
చోటు చాలక పేగు కాళ్ళలోకి పాకింది.
గుడ్లు తొడల్లో పండుతాయి.
మొప్పల్లేవు, ఊపిరితిత్తుల్లేవు.
చర్మంలోంచి ఇంకిన ప్రాణవాయువుని
పేగు మెలికలు తిరుగుతూ ఒళ్ళంతా తోస్తుంది.
అరగడమూ ఊపిరాడడమూ దీనికి ఒకటే పని.

నవ్వింది.
"మా చిలోయే దీవివాళ్ళం పొట్ట చేతపట్టుకుని
గొర్రెబొచ్చు కత్తిరించడానికి వచ్చాం ఈ ఊరికి.
ఇది మాకన్నా తెలివైంది.
పొట్ట కాళ్ళలోనే పెట్టుకుంది."

సరే, చీటీ. వంశం ఏమని రాయాలి?
పేరుకి సాలీడు. గూడు అల్లదు, ఈగని పట్టదు,
సముద్రపుష్పం ఒంట్లోకి తొండం దించి
తీరిగ్గా తాగుతుంది.
సాలీళ్ళకీ తేళ్ళకీ దూరపు అక్క అన్నారు.
కాదు, కీళ్ళకాళ్ళ కుటుంబం మొత్తంలో
అందరికన్నా ముందు వేరుపడ్డ బిడ్డ అన్నారు.
మూతి దగ్గరి కొండీలకి
మెదడులో ఏ గది నుంచి నరం వస్తోందని తగువు.
మొదటి గదన్నారు కొందరు.
జన్యువులు చదివినవాళ్ళు రెండోదన్నారు.
ఇప్పటికి మొగ్గు తేళ్ళ వైపే.
బీరువాలో దీని అర నా కళ్ళముందే రెండుసార్లు మారింది.
నలభై కోట్ల ఏళ్ళ కిందటి రాయి పగిలితే
అందులోనూ ఇలాంటి కాళ్ళే.
రాయి కూడా ఇంటిపేరు చెప్పలేదు.

"అందుకా పెన్సిలు?"
స్పిరిట్‌లో సిరా కరుగుతుందని, అన్నాను.

"కచేరీలో నాకు మూడు మాటలుండేవి.
సక్రమం. సహజం. అక్రమం.
పిల్ల ఏడుస్తూనే ఉండేది,
నేను మూడింట్లో ఒకటి రాసేదాన్ని. సిరాతో.
తొంభై తొమ్మిదిలో చట్టం మారి ఆ గడి కొట్టేశారు.
రాసిన చెయ్యి మాత్రం నా దగ్గరే ఉండిపోయింది."
తన కాగితంలో ఏం రాశారో ఆవిడ చెప్పలేదు.
నేను అడగలేదు.

భూతద్దం మీదికి వంగింది.
"కింద ఈ పసుప్పచ్చ గుత్తులు?"
గుడ్లు.
"అయితే తల్లి."
కాదు, తండ్రి. ఆడది వదిలిన గుడ్లని
తన ఒంటి జిగురుతోనే ముద్దకట్టి
మోతకాళ్ళకి తగిలించుకుంటాడు.
తల్లులు ఇద్దరో ముగ్గురో, మనకి తెలీదు.
"ఎన్నాళ్ళు మోస్తాడు?"
పొదిగేదాకా.
కొన్ని జాతుల్లో పిల్లలు పుట్టాక కూడా దిగరు.

నీళ్ళు పొంగి స్టవ్ ఆరింది. ఆవిడ లేవలేదు.

తేదీ రాసింది. లోతు రాసింది. పడవ పేరు.
మగ, గుడ్లతో.
వంశం దగ్గర చిన్న ప్రశ్నార్థకం, నేను చెప్పినట్టే.
ఆ తర్వాత స్కేలు పెట్టి
మా నమూనాలో లేని ఒక గడి గీసి,
జనన పత్రాల మీది గుండ్రటి అక్షరాలతో
తండ్రి: ఇతడే.

నియమం ప్రకారం చెరిపెయ్యాలి.
రబ్బరు చేతిలోకి తీసుకున్నాను కూడా.
మాతే చల్లారుతోందంటే
తాగి, సీసా మూత బిగించాను.

ఎరాస్మో కాఫీ డబ్బా వెనక్కి అడిగాడు.
రేపు కడిగి పంపాలి.