చెప్పుల కొట్టు ఉండిన చోటు నుంచి

మొదటి గడి ఈమెయిలు.
లేదన్నాడు దోన్ ఎవేలియో,
గొడుగు తేలేదన్నంత మామూలుగా.
సరే, ఇప్పుడే పుట్టిద్దాం అన్నాను.
తురియాల్బా బస్టాండు వెనక నా జిరాక్సు కొట్టు.
అగ్నిపర్వతం తుమ్మిన రోజుల్లో
ఏ కాగితం పెట్టినా అంచుల్లో బూడిదే అచ్చవుతుంది.
ఈ బల్ల మీద నేను పుట్టించిన ఈమెయిళ్లు
మా అమ్మమ్మ పోసిన పురుళ్లకంటే ఎక్కువ.
పాస్‌వర్డు ఏం పెట్టమంటారు?
ఆలోచించకుండా ఒక లాటిన్ పేరు చెప్పాడు,
పద్దెనిమిది అక్షరాలు, ఒక్కొక్కటీ విడదీసి.
ఏదో దీపపు పురుగట.
బలంగా ఉందని ఆకుపచ్చగా మెచ్చుకుంది కంప్యూటరు.

తర్వాత ఇంటి నంబరు.
ఇద్దరం నవ్వుకున్నాం.
మా వీధుల్లో ఇంటికి నంబరు ఎవరడిగారు?
"చెప్పుల కొట్టు ఉండిన చోటు నుంచి
డెబ్బై అయిదు మీటర్లు దక్షిణం,
ఎడమ చేతి వైపు, నీలం గేటు."
కొట్టు తగలబడి ఇరవయ్యొక్కేళ్లు.
నేను దాన్ని సరిగ్గా చూసిందే లేదు,
అయినా కళ్లు మూసుకుని దాని ముందు మలుపు తిరగగలను.
గేటు కూడా ఇప్పుడు నీలం కాదు.
డెబ్బై అయిదంటే ముప్పాతిక వీధి అని లెక్క,
టేపు పట్టుకుని ఎవరూ కొలవరు.

రాశాను. గడి ఎర్రబడింది.
కుదించి రాశాను. ఇంకా ఎర్రబడింది.
"సున్నా పెట్టమ్మా" అన్నాడు.
సున్నా నంబరు ఇల్లు. ఒప్పుకుంది.

ఎందుకు వెళ్తున్నారని ఫారం అడగలేదు, నేనడిగాను.
చొక్కా జేబులోంచి అగ్గిపెట్టె తీశాడు.
లోపల దూది, దూదిలో సూది,
సూదికి గుచ్చిన బూడిదరంగు రెక్కలు,
వాటి కింద చిటికెన గోరంత చీటీ.
కంటికి ఆనలేదు. చీటీ ఒక్కటీ జారదీసి
స్కానర్ మీద పెట్టి నాలుగింతలు చేశాం:

తపంతి అడవి. 1310 మీటర్ల ఎత్తు.
అక్షాంశం, రేఖాంశం, సెకన్లతో సహా.
1991 మార్చి 9, రాత్రి 8.40, దీపం దగ్గర.
పట్టినవారు: ఎ. సొలానో.

అప్పటిదాకా చెరకు కోసేవాడట.
ఆరు నెలలు నేర్పించి వల చేతికిచ్చారట.
పదమూడేళ్లు, నలభై వేల పురుగులు,
ఒక్కటీ చిరునామా లేకుండా పెట్టెలోకి పోలేదు.
కొన్ని ఓడెక్కి ఎడిన్‌బరా చేరాయి.
అక్కడెవరో సొరుగు జారవిడిచారు,
చీటీలు ఒక వైపు, పురుగులు ఒక వైపు.
ఏది ఏ కొండదో చెప్పడానికి రమ్మన్నారు.
"మరి మీ చీటీ ఏది?" అన్నాను.
"నన్నింకా ఎవరూ పట్టలేదుగా."

ఫోను నంబరు గడిలో నాది వేశాను.
ఆయనకొచ్చే ఫోన్లన్నీ పక్కింటి నుబియా గారికి వస్తాయి,
ఆవిడ ఆదివారాలు ఎత్తదు.

శుక్రవారం రాత్రి అనుమతి వచ్చింది.
ఊరంతా కరెంటు లేదు.
కొట్టు మూసి, ఫోను వెలుతురులో బయల్దేరాను.
చీకట్లో ఉన్న కొట్టుకీ లేని కొట్టుకీ తేడా ఉండదు,
మలుపు దగ్గర ఒక్క క్షణం
తోలు వాసన వచ్చిందేమో అనిపించింది.
దక్షిణానికి, మొదటిసారి అడుగులు లెక్కపెడుతూ,
తొంభై ఆరు.
ప్రహరీ మీద తెల్ల దుప్పటి,
దాని వెనక కారు బ్యాటరీకి తగిలించిన బల్బు,
దుప్పటి నిండా
దారి ఎవరినీ అడక్కుండా వచ్చినవాళ్లు.

"వచ్చిందా?"
"వచ్చింది."
కదలకు, అన్నాడు.
నీ భుజం మీద ఒకటుంది.
చెవి వెనక నుంచి పెన్సిల్ తీసి
టైమెంతయిందని అడిగాడు.