హెచ్చరించి పంపడమైనది

స్టేషన్లో నన్ను రైటరంటారు.
రాసేది మాత్రం అంకెలు.

ఇరవై ఎనిమిదో తేదీ, పత్తికొండ.
పొద్దన్నే సెట్టు గరగరమంటుంది:
"హెల్మెట్లు నూటా ఇరవై, మీవి తొంభై ఆరు.
పెట్టీ కేసులు ముప్పై, మీవి ఇరవై రెండు.
రాత్రికి సాకులు చెప్పొద్దు."
చిన్నెస్సై టోపీ వెతుక్కుంటాడు.
నేను పెన్ను విదిలిస్తాను.

టమోటా మార్కెట్ ముందర బారికేడ్.
గంప నలభై పలికిన పొద్దు.
తుగ్గలి ఉరుకుందు మూడు గంపలమ్ముకొని
కమీషన్, హమాలీ పోను
తొంభై రూపాయలు జేబులో పెట్టుకొని వస్తున్నాడు.
చలానా వెయ్యి.
"నెత్తిన రుమాలుండాది గదా సార్" అన్నాడు.
కానిస్టేబుల్ లింగన్నకు నవ్వొచ్చింది.
ఉరుకుందు పెండ్లాం కర్నూలు పెద్దాసుపత్రిలో ఉందని
లింగన్నకు తెలుసు.
వేరే నెలయితే, వేరే తేదీ అయితే
"పోప్పా, రేపట్నుంచి పెట్టుకో" అనేవాడు.
చేతిలో మిషన్ వైపు చూసినాడు.
ఆ మాటకు అందులో బటన్ లేదు.
ఫోటో తీసినాడు. తొంభై ఏడు.

దాదావలి ఎస్సై ఉన్నప్పుడు
బోరునీళ్ళ కాడ కట్టెలెత్తిన అన్నదమ్ముల్ని
పొద్దుగూకేదాకా బెంచీ మీద కూచోబెట్టి
ఒకే పొట్లంలో ఉగ్గాని తినిపించి
నాతో జీడీలో ఒక వాక్యం రాయించేవాడు:
"ఇరువురినీ హెచ్చరించి పంపడమైనది."
వెయ్యిసార్లు రాసుంటాను.
అబద్ధమాడను,
ఆ వాక్యం కింద ఒక్కోసారి మడిచిన నోటుండేది,
ఒక్కోసారి చెంపదెబ్బ.
ఒక్కోసారి మాత్రం
నిజంగా ఉగ్గానే.

ఇప్పటి పట్టికలో
నమోదు, చార్జిషీటు, జరిమానా, శాతం.
పంపేసిన మనిషికి గడి లేదు.

రాత్రి ఎనిమిదికి ఇంకా ఒక్క పెట్టీ కేసు తక్కువ.
పంక్చర్ మాబు తనంతట తానే వచ్చినాడు.
"తక్కువ పడిందంట గదా సార్?
పోయిన్నెల నేను, దానికి ముందు మా బామ్మర్ది.
ఈసారి వంతు మద్దిలేటిది,
వాడు బళ్ళారికి పోయినాడు.
నన్నే రాసుకోండి.
కోర్టు పూట కూలీ మటుకు ఇప్పించండి."
రాసినాను:
నడిబజారులో పెద్దగా కేకలు వేయుచు
రాకపోకలకు ఆటంకం కలిగించుచు...
గొంతెత్తితే సొంత బిడ్డ కూడా తిరిగి చూడదు,
అంత మెత్తటి మనిషి.

ఇదంతా దస్తగిరమ్మ చూస్తానే ఉంది, బెంచీ మీంచి.
ఏడు మేకలు పోయినాయని
సాయంత్రమే వచ్చింది.
నమోదు చేస్తే దొరకాల,
దొరక్కపోతే శాతం పడిపోతుంది.
"రేప్రామ్మా" అన్నాడు చిన్నెస్సై,
కొత్తవాడు, చెడ్డవాడు కాదు,
ఆమె మొగం చూడకుండా అన్నాడు.
ఆమె కొంగులోంచి తాడుముక్క తీసి
టేబుల్ మీద పెట్టింది, సాక్ష్యమన్నట్టు.
తొమ్మిదిన్నరకు లేచి పోయింది.
తాడు ఉండిపోయింది.

పొద్దన్నే సెట్టులో ఒకే మాట:
"పత్తికొండ, గుడ్."

ఎవరూ లేని పూట
పాత రిజిస్టర్ వెనక పేజీలో పెన్సిల్‌తో రాసినాను.
దస్తగిరమ్మ. మేకలు ఏడు. ఒకదానికి చెవి తెగింది.
దాని కింద
ఉరుకుందు. నెత్తిన రుమాలు.
హెచ్చరించి పంపడమైనది.

అదీ అబద్ధమే,
మాబు కేకల మాదిరే.
కాకపోతే దీన్ని
నన్నెవరూ అడగలేదు.