నలిపి ఒక్కటి చేయడం

వాల్దివియాలో జూన్ అంటే వాన.
రేకుల మీద వాన, పడవల మీద వాన,
చేపల బజారు వెనక మెట్ల మీద
బద్ధకంగా దొర్లే సముద్ర సింహాల వీపుల మీద వాన.
రాయేన్ గదిలో కట్టెల పొయ్యి చిటపటలాడుతోంది.
తెర మీద ఒక మర్యాదైన వాక్యం:
"మీ మూడువందల పన్నెండు కమిట్లనూ నలిపి ఒక్కటి చేయండి,
కలిపేసుకుంటాం."

నది వెళ్ళి సముద్రంలో కలిసినట్టు
అని రాయబోయి ఆగాను.
కిటికీ అవతల కాయె-కాయె పారుతూనే ఉంది,
అది ఎవరి అనుమతీ అడగలేదు.
దీనికి ముగ్గురు సమీక్షకులు, పదకొండు వారాలు,
"ఇక్కడో ఖాళీ జాగా ఎక్కువైంది" అని ఇరవై సార్లు.
అన్ని పరీక్షలూ నెగ్గాక
ఎవరిదో ఒక్క యంత్రంలో
ఎన్యే అక్షరం నెత్తి మీది చిన్న అల
ఒక్క పిక్సెల్ పక్కకి జరిగింది.
ఆ ఒక్క పిక్సెల్‌కి రెండు రాత్రులు.

నాలుగేళ్ళ కిందట ఇది థీమ్ కాదు, తగువు.
ఆటుపోట్ల గ్రాఫు గీసి
కొర్రాల్ రేవుకి ఎరుపు, నియెబ్లా రేవుకి ఆకుపచ్చ వేసి
గర్వంగా చూపించింది.
కొలబద్ద దగ్గర పనిచేసే నికానోర్
కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని
"రెండూ బురదే కదమ్మా" అన్నాడు.
అతని కంటికి ఎరుపూ ఆకుపచ్చా
పుట్టినప్పట్నుంచీ ఒకటే.

అప్పుడు మొదలైంది.
ఒక గీత ముదురు నీలం, ఒకటి నారింజ, అదీ తెగితెగి.
ఊగే పడవలో కూడా చదవగలిగేంత అంకెలు.
వెనక గళ్ళు పలచబడి, పలచబడి
మంచులోంచి కనబడే కంచెలా మిగిలాయి.
పేరు కూడా ఆ రేవుదే పెట్టింది:
నియెబ్లా, అంటే పొగమంచు.
గళ్ళ మందం 0.8 నుంచి 0.4 చేసింది నికానోరే.
కుర్చీ లాక్కుని, ఒక్క వేలితో,
జీవితంలో అతను రాసిన కోడ్ అంతా అదే.
అది నూట నలభయ్యో కమిట్.

ఇప్పుడు నలపాలి.
అర్ధరాత్రివి, సిగ్గుపడాల్సినవి,
"ఈసారి నిజంగా సరిచేశాను" అని రాసి
తెల్లారి మళ్ళీ సరిచేసినవి,
అన్నీ నలిగి ఒక్క గీత అవుతాయి,
ఆ గీత మీద ఒక్క పేరు.

ఫోన్ చేసింది.
ఆయన ఇప్పుడు వదినగారి రొట్టెల కొట్లో ఉన్నాడు,
వెనకాల పళ్ళేల చప్పుడు.
"నీ పేరు పోతుంది" అంది.
"పోనీ. ఆ పేరు రొట్టె మీద పూసుకు తింటానా?"
కాసేపు ఊరుకుని,
"ఇంతకీ గళ్ళు మళ్ళీ లావు చేయరు కదా?"

రాయేన్ నలిపింది.
కానీ సందేశం అడుగున
ఎవరూ చదవని చోట
సహ రచయిత అని ఒక వరుస కలిపింది.
దానికో ఈమెయిల్ కావాలంది యంత్రం.
రొట్టెల కొట్టుది ఇచ్చింది.

సాయంత్రం నాలుగింటికి కలిసిపోయింది.
బాణసంచా ఏమీ లేదు.
పాత ఇంటికి తాళం: ఇకపై చదవడానికి మాత్రమే,
దయచేసి పెద్ద లైబ్రరీకి వెళ్ళండి.
నాలుగేళ్ళ పని ఇప్పుడు
కొటేషన్ గుర్తుల మధ్య ఒక్క మాట,
ఎక్కడో ఎవరో టైప్ చేస్తే
గళ్ళు పలచబడతాయి.
ఆ ఎవరో నియెబ్లా అంటే ఏదో ఫ్రెంచి పెర్ఫ్యూమ్ అనుకోవచ్చు.

మర్నాడు మొదటి ఫిర్యాదు వచ్చింది:
సూచిక పెట్టె మూలన గీతని కప్పేస్తోందట.
రాయేన్‌కి కాదు, "ప్రియమైన బృందానికి" అని రాశారు.

ఆ మాట కాస్త గుచ్చుకుంది.
కాస్త తేలిక కూడా అయింది.
పొయ్యిలో ఇంకో కట్టె పెట్టి,
తనని పిలవకపోయినా,
తెరిచి చదవడం మొదలుపెట్టింది.