చినిగిన చీటీ

సెంట్రల్ స్టేషన్ సామాన్ల గదిలో నాది రాత్రి డ్యూటీ.
ఒక బండి పోయి ఇంకో బండి వచ్చేలోపు
చేతిలో పెన్సిలు, ముందొక నంబరు.
ఇంకేం కావాలి?

ఆ రాత్రి నంబరు
యాభై ఎనిమిది లక్షల ఎనభై రెండు వేల మూడువందల యాభై మూడు.
నీలం రెక్సిను సంచి, పదిహేడో అర.
నవంబరు వానకి నానిన చీటీ
చిల్లుల గీత దగ్గర తెగకుండా
అంకెల మధ్యనే చినిగింది.
588 సంచికి వేలాడింది.
2353 మనిషి జేబులో పడి వాల్‌టాక్స్ రోడ్డు నీళ్ళలోకి నడిచింది.

పొద్దున్నే వస్తానన్నాడు. రాలేదు.

నేను భాగహారం మొదలుపెట్టాను.
మూడుతో కొడితే ఒకటి మిగిలింది.
ఏడుతోనూ ఒకటే.
పదకొండుకి నాలుగు, పదమూడుకి తొమ్మిది.
పాత రిజిస్టరు అట్ట మీద, బజ్జీల కాగితం మీద,
రెండువేల నాలుగువందల ఇరవై మూడు దాకా వెళ్ళాను,
మూడువందల అరవై ప్రధాన సంఖ్యలు,
పంతొమ్మిది రాత్రులు.
శేషం లేకుండా ఒక్కటీ పోలేదు.
ఇది ఎవరూ పంచుకోలేని ఆస్తి సార్, అంటే
సూపర్‌వైజర్ కదిరేశన్
నా టీ గ్లాసు కూడా తనే తాగేసి
"ఇంట్లో ఏమీ అనరా నిన్ను?" అన్నాడు తమిళంలో.

ఇరవయ్యో రాత్రి, ఊరికే,
చినిగిన ముక్కల్ని విడివిడిగా
దేన్ని దానితోనే హెచ్చవేశాను.
345744.
5536609.
ఒకదాని కింద ఒకటి రాసి కూడాను.
నాలుగూ తొమ్మిదీ పదమూడు, మూడు వేసి
ఒకటి చేతిలో ఉంచుకున్నాను.
గీత కింద అంకెలు కుడి నుంచి ఒక్కోటీ దిగుతుంటే
చీకట్లో ఎవరో నా పేరు పెట్టి పిలుస్తున్నట్టుంది:
మూడు. అయిదు. మూడు. రెండు.
ఎనిమిది.
ఎనిమిది.
అయిదు.

భాగిస్తే లొంగనిది
చింపితే మళ్ళీ తానే అయి కూర్చుంది.
ఇలాంటి సంఖ్యని రెండు వర్గాలుగా విడదీయడానికి
ఒకే ఒక్క దారి ఉంటుంది.
వానకి ఆ దారి ఎవరు చెప్పారు?

ముప్పై ఒకటో రోజు గూడూరు బండి దిగి పెంచలమ్మ వచ్చింది.
"ఆయన చొక్కాతో పాటు ఉతికేశానయ్యా" అంటూ
అరచేతిలో గట్టిపడిన ఉండ విప్పింది.
2353, అంతే.
పూర్తి నంబరు లేనిదే ఇవ్వరాదని గోడ మీద రూలు.
రూలుదీ తప్పు కాదు.
ఈ సగం ముందు 9412 పెట్టినా అదే ఒప్పందం కుదురుతుంది,
రెండు వర్గాలూ కలిసి ఆ పెద్ద సంఖ్యే వస్తుంది.
కానీ 9412 అంటే ఈ సగమే నాలుగుసార్లు.
అద్దంలో తన మొహం చూసి జత దొరికిందనుకోవడం.
దాన్ని పదిహేడు ఇట్టే పంచేస్తుంది.

"ఏందయ్యా, ఆలోచిస్తన్నావు?"
ఏం లేదమ్మా, అని సంచి దించాను.
లోపల స్పానర్లు గలగలమన్నాయి.
బల్ల మీద పోసి లెక్కపెట్టుకుంది, సరిపోయాయి.

రెండు ముక్కలూ ఫైలుకి గుచ్చాలి.
అతికించలేదు.
గుండుసూది
ఎనిమిది పై సున్నాలోంచి దిగింది.