మిరపపొడి పాఠం

కైలాహున్‌లో ఆ వారమంతా వాన.
బడి గదిలో బల్లలన్నీ గోడకు తోసేశారు.
నల్లబల్ల మీద ఎవరో పిల్లవాడి ఏడో ఎక్కం
సగం చెరిగి ఉంది. దాని కిందే ఆమె రాసింది:
"తొడుక్కోవడం అందరికీ వచ్చు.
విప్పడం నేర్పుతాను."

పేరు సోంబో. నర్సు కాదు, డాక్టరు అసలే కాదు.
జ్వరాల వార్డులో నేల తుడిచిన మనిషి.
వెనక వరసలో గుసగుసలు:
చీపురు పట్టిన చేయి మనకు పాఠం చెబుతుందా అని.
అందులో నా గొంతూ ఉంది, దాచను.

విన్నా విననట్టు రెండు బకెట్లు తెచ్చి పెట్టింది.
ఒకదాంట్లో ఘాటు క్లోరిన్ నీళ్లు:
నేలకి, బూట్లకి, పోయినవాళ్ల దుప్పట్లకి.
రెండోదాంట్లో పలచనివి, బతికున్న చర్మానికి.
"వాసన చూసి తేల్చేద్దామనుకోకండి.
మూత మీది రంగును నమ్మండి.
ఆ రంగు వేసినవాణ్ణి కూడా ఒకసారి అడగండి."

పసుపుపచ్చ సూట్లు అన్నీ ఒకే కొలత.
పొట్టి మస్సాకు మోకాళ్ల దగ్గర మూటకట్టింది.
కళ్లద్దాల నిండా ఆవిరి.
నా ఊపిరి నాకే ఎవరిదోలా వినపడింది.

అప్పుడు సంచిలోంచి సీసా తీసింది.
ఎర్రటి పామాయిలు, అందులో మెత్తగా దంచిన మిరపపొడి.
పెళ్లికూతురికి నలుగు పెట్టినట్టు
మా గ్లవ్స్‌కి, ఏప్రన్లకి ఓపిగ్గా పూసింది.
"ఇదే ఆ జబ్బు అనుకోండి. ఇక విప్పండి.
తొందరపడితే, అదే చెబుతుంది."

లహాయ్ ముందుకొచ్చాడు.
ముప్పై ఏళ్ల సర్వీసు. ఆయన సూది వేస్తే
పసిపిల్లలు ఏడవడం మరిచిపోతారని పేరు.
అరటిపండు తొక్క తీసినంత సులువుగా లాగేశాడు.
కళ్లద్దాలు ముందునుంచే పట్టుకుని తీశాడు.
ఇంకేముంది, కన్ను పట్టుకుని గంతులు.
గది గదంతా నవ్వింది.
సోంబో నవ్వలేదు. చెంబుతో నీళ్లు పోసింది.

నీళ్లయిపోయినా ఆయన తల ఎత్తలేదు.
"జుసు కూడా ఇలాగే తీసేవాడు,
ముందునుంచి. వాడికి నేర్పింది నేనే."

రేకుల మీద వాన ఒక్కటే మాట్లాడింది.

"వాడి మంచం కింద నేల తుడిచింది నేనే," అంది సోంబో.
అంతే అంది.
కాసేపటికి కొత్త సూటు మడత విప్పి చాపింది.
"మళ్లీ తొడుక్కో పెద్దాయనా."

ఈసారి ఆమె మూరెడు దూరంలో నిలబడింది.
ముట్టుకోకూడదు కదా, మాటతోనే విప్పింది.
బూట్లు తడుపు. చేతులు.
ఏప్రన్. వెనకముడి ముందు. చేతులు.
పైజత గ్లవ్స్. చేతులు.
సూటు లోపలి వైపు బయటికి వచ్చేలా చుట్టు,
నీ ఒంటికి తగలనివ్వకు. చేతులు.
ఇప్పుడు వంగు. కళ్లు మూసుకో.
వెనక పట్టీ పట్టి ముందుకు తియ్యి.
మెల్లగా.
ఇంకా మెల్లగా.
చేతులు.

పంతొమ్మిది నిమిషాలు పట్టింది. ఎవరూ గుసగుసలాడలేదు.
చివరి గ్లవ్ కూడా పోయాక
ఆ ముడతల అరచేతులు రెండూ ఎత్తి చూపించాడు,
పలక మీద అక్షరం దిద్ది చూపించే పిల్లవాడిలా.

నా వంతులో నాకు మంట తగల్లేదు.
ఒక్క చుక్కా అంటలేదని మస్సాతో గొప్పలు పోయాను.
మోటారుసైకిల్ వెనక తడుస్తూ ఇంటికొచ్చాను.

రాత్రి దీపం దగ్గర నా జడలు విప్పుతూ
మా బైందు ఆగిపోయింది. తొమ్మిదేళ్ల పిల్ల.
"అమ్మా, చెవి వెనక ఎర్రగా ఏమిటిది? వేలిముద్రలా ఉంది."

చూపుడువేలు చాపింది.

"ముట్టుకోకు!"
నా అరుపుకి పక్కింటి కుక్క లేచింది.
దాని వేలు గాల్లోనే ఆగింది,
నా చర్మానికి బియ్యపుగింజంత దూరంలో.