అక్షరానికి రెండు రూపాయలు

ఇందిరా పార్కు వెనక సందులో
అట్టల మీద రాస్తాను నేను.
ధర్నా ఎవరిదైనా రేటు ఒకటే,
అక్షరానికి రెండు రూపాయలు.
ఒత్తులకూ సున్నలకూ ఏమీ తీసుకోను.

మొన్న సోమవారం ముషీరాబాద్ నుంచి
రోడ్లూడ్చే ఆడవాళ్ళు వచ్చారు, నలభై మంది,
ముందు బాలనర్సమ్మ.
"చేతి తొడుగులు. రెండు నెలల జీతం.
పెద్దగ రాయి బిడ్డా,
బస్సుల కూసున్నోనికి గూడ కనబడాలె."
ఎర్ర రంగు డబ్బా సగం అయిపోయింది.

ఆ రాత్రే ఢిల్లీలో ఒకాయన మాట్లాడాడు.
చాయ్ హోటల్లో టీవీ ముందు నిలబడి విన్నాం.
వీళ్ళ పేరెత్తలేదు, ఈ ఊరి పేరూ ఎత్తలేదు.
రోడ్డెక్కేవాళ్ళ వెనక ఎవరున్నారో
దేశం కనిపెడుతోంది, అన్నాడంతే.
నా బిస్కెట్ విరిగి చాయ్‌లో మునిగింది.
గల్లా మీది మనిషి
నా వేళ్ళకంటిన ఎరుపు వైపు చూశాడు.

తెల్లారి యూనియన్ సెక్రటరీ సుదర్శనం
అట్టలన్నీ వెనక్కి తెచ్చాడు.
ప్రతిదాని మీదా
"మేం కూడా దేశభక్తులమే" అని ఉండాలట.
తొమ్మిది అక్షరాలు.
చోటు లేదన్నాను.
తొడుగుల్ని కొంచెం తగ్గించమన్నాడు.
ఎరుపు అసలే వద్దన్నాడు.

"చిన్నగ రాస్తే చిన్న సైజే ఇస్తరు," అన్నది బాలనర్సమ్మ.
ఎవరూ నవ్వలేదు, ఆమె కూడా.
"నా ఎన్క ఎవలున్నరు సారూ?
చెత్తబండి ఉన్నది."

తెల్ల అట్ట ఒకటి లాక్కుంది.
సంచిలోంచి పాత తొడుగు తీసింది,
బొటనవేలు ఎప్పుడో ఊడిపోయింది దానికి.
నా సుత్తితోనే మేకు కొట్టింది.
అక్షరాల్లేవు కదా, డబ్బులడగలేదు నేను.

ధర్నా చౌక్‌లో ముళ్ళకంచె దగ్గర
కానిస్టేబుల్ దాన్ని చాలాసేపు చదివాడు.

సాయంత్రానికి ఢిల్లీ ఛానెల్ నిండా అదే.
గాలికి నాలుగు వేళ్ళూ ఊగుతున్నాయి,
చుట్టూ గుండ్రంగా గీత గీశారు.
వెనకున్నదెవరో తేలిపోయిందట,
ఇది ఫలానా పార్టీ గుర్తట.
గుర్తుకు వేళ్ళు అయిదు.
లెక్కపెట్టినవాడు లేడు.

పడుకోబోతుంటే సుదర్శనం షట్టర్ కొట్టాడు.
చెమటలు కారుతున్నాయి మనిషికి.
తొడుగు కింద పొద్దున్నేకల్లా
"ఇది చెయ్యి కాదు, తొడుగు" అని రాయాలట.

ఏ రంగులో, అని అడిగితే
చాలాసేపు ఆలోచించి
కనిపించని రంగేదైనా ఉందా, అన్నాడు.

అలవాటు చొప్పున వేళ్ళ మీద లెక్కపెట్టాను.
మళ్ళీ తొమ్మిదే.